మత్తు అక్కడికేనా, మొత్తానికా?

“సార్, ముక్కు ఆపరేషన్ చెయ్యాలంటున్నరు గదా, మత్తు అక్కడికే ఇస్తరా, మొత్తానికి ఇస్తరా? మొత్తానికి ఇస్తే మల్ల లేస్తనా?”

సైనస్ ఆపరేషన్ అనగానే చాలామంది ముందు అడిగేది ఇదే. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని, ఎల్బీనగర్ మీదుగా కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వచ్చిన రైతయినా, ఆ ఊరి ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకునే కుర్రాడైనా ముక్కులో ఏం కోస్తారన్నది తర్వాత అడుగుతారు. ముందు మత్తు సంగతి తేలాలి.

ఆ ప్రశ్న వెనుక రెండు భయాలున్నాయి. మెలకువగా ఉండగా ముక్కులో కత్తి పెడితే తట్టుకోగలనా అన్నది ఒకటి. పూర్తిగా నిద్రపుచ్చితే తిరిగి లేస్తానా అన్నది రెండోది. రెండూ న్యాయమైన భయాలే. ఇబ్రహీంపట్నం వాళ్లకైతే ఆపరేషన్ అంటే జంకడానికి చేదు కారణం కూడా ఉంది. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. కొద్దిరోజుల్లోనే వారిలో నలుగురు కన్నుమూశారు. విచారణ ఇన్ఫెక్షన్ వైపు వేలు చూపింది. ఆపరేషన్ చిన్నదైనంత మాత్రాన ప్రమాదం ఉండదనుకోకూడదని, పరికరాల శుభ్రత నుంచి తర్వాతి రోజుల పర్యవేక్షణ దాకా అన్నీ సరిగ్గా ఉంటేనే మనిషి క్షేమంగా ఇంటికి చేరతాడని ఆ నలుగురి మరణం మనకు చెబుతోంది.

ఆ అన్నింటిలో మత్తు ఒకటి. స్థానిక మత్తు మంచిదా, పూర్తి మత్తు మంచిదా అని సూటిగా అడిగితే సూటి జవాబు దొరకదు. ఏ ముక్కుకు, ఏ ఆపరేషన్‌కు, ఎవరి పర్యవేక్షణలో అని అడిగితే మాత్రం దొరుకుతుంది. ఆ జవాబు కోసం ముందు ముక్కు లోపలికి వెళ్లాలి, ఆ తర్వాత 1889 నాటి హైదరాబాద్‌కు వెళ్లాలి.

ముక్కు చుట్టూ గాలి గదులు

మన ముఖం ఎముకలు గట్టి ముద్దలు కావు. వాటి లోపల బోలు గదులున్నాయి. బుగ్గల్లో ఒక జత, రెండు కళ్ల నడుమ చిన్న చిన్న అరలుగా ఒక జత, నుదుటిలో ఒక జత, ముక్కు వెనుక లోతుగా పుర్రె అడుగున ఒక జత, మొత్తం నాలుగు జతలు. వీటినే సైనస్‌లంటాం. లోపలి గోడలకు పల్చని పొర ఉంటుంది. ఆ పొర జిగురు నీటిని ఊరిస్తుంది. కంటికి కనిపించని సన్నని నూగు ఆ జిగురును చిన్న ద్వారాల గుండా ముక్కులోకి తోసేస్తూ ఉంటుంది.

జలుబు, అలర్జీ, దుమ్ము, ముక్కులో పెరిగిన కండ, వీటిలో ఏదో ఒకటి ఆ ద్వారాలను మూసేస్తే జిగురు లోపలే నిలిచి చీము పడుతుంది. తల బరువు, ముఖం నొప్పి, ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం, గొంతులోకి కారడం మొదలవుతాయి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, ముక్కులో కొట్టుకునే స్ప్రే, అవసరమైతే యాంటీబయాటిక్ మందులు మొదటి చికిత్స. నెలల తరబడి వాడినా తగ్గకపోతే సీటీ స్కాన్ తీసి, అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

పూర్వం పై పెదవి కింద కోసి, బుగ్గ ఎముకకు రంధ్రం చేసి సైనస్‌లోకి వెళ్లేవారు. 1893లో న్యూయార్క్‌లో కాల్డ్‌వెల్, 1897లో పారిస్‌లో ల్యూక్ ఆ దారి చూపారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసెర్‌క్లింగర్ ఓపికగా గమనించి మరో సంగతి చెప్పారు. జిగురు ఎప్పుడూ సహజ ద్వారం వైపే నడుస్తుంది, కాబట్టి వేరే రంధ్రం చేయడం కన్నా ఆ ద్వారాన్నే తెరవాలి. హెరాల్డ్ హాప్‌కిన్స్ రూపొందించిన కటకాల గొట్టం ఆ ఆలోచనకు కళ్లిచ్చింది. మెసెర్‌క్లింగర్ శిష్యుడు స్టామ్‌బెర్గర్, అమెరికాలో డేవిడ్ కెనెడీ 1980లలో ఈ పద్ధతిని ప్రపంచమంతా పరిచారు. ఇప్పుడు ఆసుపత్రిలో ఎండోస్కోపీ ఆపరేషన్ అనేది దీన్నే. ముఖం మీద కోత ఉండదు. 4 మిల్లీమీటర్ల లావున్న దుర్భిణి ముక్కురంధ్రంలోంచే లోపలికి వెళుతుంది.

దారి సన్నం, ఇరుగుపొరుగు ప్రమాదకరం. కళ్ల నడుమ అరలకూ కంటిగుంతకూ మధ్య ఉన్న ఎముక కాగితమంత పల్చన. పైకప్పు దాటితే మెదడు. వెనుక గదిని ఆనుకుని చూపు నరం, మెదడుకు రక్తం మోసే పెద్ద ధమని ఉంటాయి. అందువల్ల ఏ మత్తు ఇచ్చినా మూడు పరీక్షలకు నిలబడాలి. ఒకటి, రోగికి నొప్పి తెలియకూడదు, తల కదలకూడదు. రెండు, రక్తం తక్కువ కారాలి. దుర్భిణి కొనమీద ఒక్క చుక్క పడినా డాక్టరుకు తెరంతా ఎరుపే. మూడు, కారిన రక్తం గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నొప్పి, రక్తం, ఊపిరి అనే ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుంటే మిగతా అధ్యాయమంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అక్కడికే ఇచ్చే మత్తు

కరెంటు స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ ఎల్సీ తీసుకుంటాడు, అంటే లైన్లో కరెంటు ఆపిస్తాడు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆపితే ఆ వీధికే కరెంటు పోతుంది, మిగతా ఊరు మామూలుగా నడుస్తుంది. సబ్‌స్టేషన్‌లోనే ఆపేస్తే ఊరంతా ఆగుతుంది. తాగునీటి మోటారు కూడా ఆగుతుంది కాబట్టి దాన్ని జనరేటర్ మీద నడపడానికి, కరెంటు తిరిగి వచ్చేదాకా కనిపెట్టి ఉండడానికి ఒక మనిషి అక్కడే నిలబడాలి. స్థానిక మత్తు మొదటి రకం, పూర్తి మత్తు రెండో రకం. ఆ మోటారు మన ఊపిరి. అక్కడ నిలబడే మనిషి మత్తు డాక్టరు.

ముక్కు లోపలి నొప్పిని మెదడుకు చేరవేసేది అయిదో కపాల నరం. దాని కొమ్మలు రెండు ముక్కులోకి వస్తాయి. నరంలో కబురు నడవాలంటే దాని పొరలో ఉన్న సన్నని తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి రావాలి. మన ఉప్పులో ఉన్న సోడియమే అది. స్థానిక మత్తుమందు ఆ తలుపులను మూసి పట్టుకుంటుంది. కత్తి తగిలినా కబురు బయలుదేరదు. మందు మెల్లగా రక్తంలోకి వెళ్లిపోయాక తలుపులు తిరిగి పనిచేస్తాయి.

ఈ విద్య 1884లో వియన్నాలో మొదలైంది. కార్ల్ కోలర్ అనే యువ డాక్టరు కొకైన్ చుక్కలు వేసి కంటిని తిమ్మిరెక్కించవచ్చని చూపారు. నెలలు తిరక్కుండానే ముక్కు, గొంతు డాక్టర్లు దాన్ని అందుకున్నారు. కొకైన్‌కు వ్యసనం, గుండె దడ అనే చెడ్డ గుణాలున్నాయి. అందుకే రసాయన శాస్త్రజ్ఞులు వేరే మందుల కోసం వెదికారు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ లిగ్నోకెయిన్‌ను తయారుచేశారు. మన ఆసుపత్రుల్లో, పళ్ల డాక్టరు దగ్గర అందరూ జైలోకెయిన్ అనేది దాన్నే.

దీనికో తోడు కావాలి. 1901లో జపాన్ శాస్త్రజ్ఞుడు జోకిచి తకామినే అడ్రినలిన్‌ను వేరుచేశారు. రక్తనాళాలను ముడుచుకునేలా చేసే మందు అది. దాన్ని మత్తుమందులో కలిపితే రక్తం తగ్గుతుందని, మందు అక్కడే ఎక్కువసేపు నిలుస్తుందని రెండేళ్లలోనే జర్మన్ సర్జన్ హైన్రిష్ బ్రౌన్ చూపారు. ముక్కు ఆపరేషన్‌కు ఈ జంట వరమైంది.

స్థానిక మత్తు ఎలా ఇస్తారో దగ్గరగా చూద్దాం. నర్సు 4 శాతం జైలోకెయిన్‌లో కాస్త అడ్రినలిన్ కలిపి సన్నని గుడ్డపట్టీలను తడుపుతుంది. డాక్టరు వంపు తిరిగిన పొడుగాటి పట్టకారుతో ఒక్కొక్క పట్టీనీ ముక్కులోకి పొరలు పొరలుగా పరుస్తారు. ముందు చురుక్కుమంటుంది, గొంతులో చేదు దిగుతుంది. కొన్ని నిమిషాలకు పై పళ్లు, అంగిలి మొద్దుబారినట్టుంటాయి. లోపలి పొర పాలిపోయి ముడుచుకుంటుంది, దారి వెడల్పవుతుంది. పట్టీలు తీశాక సన్నని సూదితో మిగిలిన చోట్ల మందు ఎక్కిస్తారు. అడ్రినలిన్ వల్ల కాసేపు గుండె దడదడలాడవచ్చు. ఆపరేషన్ సాగుతుంటే నొప్పి ఉండదు గానీ ఒత్తిడి, లాగుడు తెలుస్తాయి. పల్చని ఎముకను తీసేటప్పుడు పటపటమన్న చప్పుడు తలలోపలే వినిపిస్తుంది. ఆ చప్పుడు వస్తుందని ముందే చెబితే రోగి బెదరడు. చెప్పకపోతే బల్ల మీదే అదిరిపడతాడు.

స్థానిక మత్తు బలం ఎక్కడుందంటే, రోగి ఊపిరి రోగి చేతిలోనే ఉంటుంది. దగ్గు, గుటక పనిచేస్తాయి. డాక్టరు కంటిగుంత పొరకో పుర్రె అడుగుకో దగ్గరైతే రోగి “నొప్పి” అని చెప్పగలడు, ఆ మాటే హెచ్చరిక. చూపు ఎలా ఉందని అక్కడికక్కడే అడగవచ్చు. ఖర్చు తక్కువ, త్వరగా ఇంటికి పంపవచ్చు.

దాని హద్దులూ అంతే స్పష్టం. సమయం గడిచేకొద్దీ మందు పట్టు సడలుతుంది. వాచి, చీముపట్టిన పొరలో మందు సరిగా పనిచేయదు. రక్తం గొంతులోకి జారుతుంటే ఎంత ధైర్యవంతుడైనా ఉక్కిరిబిక్కిరవుతాడు. భయంతో రక్తపోటు పెరిగితే రక్తం ఇంకా కారుతుంది. అక్కడికే ఇచ్చే మందు కదా, ఎంతైనా ఇవ్వవచ్చు అనుకోకూడదు. 2 శాతం జైలోకెయిన్ ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అడ్రినలిన్ కలిపినప్పుడు కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు సాధారణంగా పాటించే గరిష్ఠ హద్దు. అంటే 60 కిలోల మనిషికి 21 మిల్లీలీటర్లు. అది దాటి రక్తంలో చేరితే పెదవుల చుట్టూ జలదరింపు, చెవుల్లో హోరు, ఆ పైన ఫిట్స్, గుండె లయ తప్పడం జరగవచ్చు. స్థానిక మత్తులో కూడా నాడిని, రక్తపోటును చూసే మనిషి ఉండాల్సింది ఇందుకే.

పూర్తి మత్తు

పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు చేతి రక్తనాళానికి సెలైన్ పెడతారు. ముఖం మీద మాస్కు పెట్టి కాసేపు ఆక్సిజన్ పీల్చమంటారు. ప్రొపోఫాల్ అనే తెల్లని మందు రక్తనాళంలోకి ఎక్కుతుంది. చాలామంది అర నిమిషంలోపే మాట మధ్యలో నిద్రలోకి జారిపోతారు. తర్వాత కండరాలను సడలించే మందు ఇస్తారు. ఛాతీ కండరాలూ సడలుతాయి కనుక ఇక మనిషి తనంతట తాను ఊపిరి తీయలేడు. వెంటనే నోటిగుండా గాలిగొట్టంలోకి ఒక ట్యూబు దించి, దాని చివరనున్న చిన్న బెలూన్‌ను ఉబ్బిస్తారు. రక్తం ఊపిరితిత్తుల వైపు పోకుండా ఆ బెలూన్ కాపలా కాస్తుంది. కొందరు డాక్టర్లు గొంతులో తడిగుడ్డ కూడా పెడతారు. ఆపరేషన్ అయ్యాక దాన్ని తీశామని లెక్క చూసుకున్నాకే రోగిని లేపుతారు.

మూడు పరీక్షల్లో నొప్పి, ఊపిరి ఇక్కడ తేలిగ్గా నెగ్గుతాయి. చిక్కు రక్తం దగ్గరే. గాలిలో కలిపి ఇచ్చే మత్తు ఆవిర్లు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, ముక్కులో రక్తం ఎక్కువగా ఊరుతుంది. పాతరోజుల్లో చాలామంది ముక్కు డాక్టర్లు స్థానిక మత్తు వైపు మొగ్గడానికి ఇదో పెద్ద కారణం. ఇప్పుడు దీనికి మార్గాలున్నాయి. ఆవిరి మానేసి ప్రొపోఫాల్‌నే పంపుతో రక్తనాళంలోకి నిలకడగా ఎక్కిస్తే రక్తం తగ్గి దృశ్యం మెరుగుపడుతుందని అనేక పరిశీలనలు చూపాయి. బల్లను తలవైపు కాస్త ఎత్తుతారు. గుండె వేగాన్ని, రక్తపోటును కొంచెం అదుపులో పెడతారు. పాత బీపీ ఉన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఎంత తగ్గించవచ్చన్నది జాగ్రత్తగా తూచుకోవాలి. వీటికి తోడు, నిద్రలో ఉన్న రోగికి కూడా ముక్కులో అడ్రినలిన్ పట్టీలు పెడతారు. అంటే పూర్తి మత్తు ఇచ్చినా స్థానిక మత్తు విద్య పూర్తిగా పక్కకు పోదు. రెండూ కలిసే పనిచేస్తాయి.

మళ్లీ లేస్తానా అన్న ప్రశ్నకు లెక్కలు ఊరటనిస్తాయి. మత్తు వైద్యం బాగా అభివృద్ధి చెందిన బ్రిటన్‌లో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అత్యవసరం కాని ఆపరేషన్‌లో మత్తు వల్ల ప్రాణం పోయే ముప్పు దాదాపు లక్షకు ఒకటని అక్కడి మత్తు వైద్యుల కాలేజీ చెబుతుంది. మధ్యలో మెలకువ వస్తుందేమోనన్న భయం గురించి 2014లో బ్రిటన్, ఐర్లండ్‌లలో పెద్ద పరిశీలన జరిగింది. అలా జరిగిందని రోగులు చెప్పింది సుమారు 19 వేల మత్తులకు ఒకసారి. ఈ అంకెలు నిపుణుడు, పరికరాలు, ముందస్తు పరీక్షలు ఉన్నచోటివి. ఆ మూడూ లేనిచోట అవి వర్తించవు.

లేచాక గొంతు గీరినట్టు ఉండటం, వాంతి వచ్చేటట్టు ఉండటం, చలి పుట్టడం మామూలే. ముక్కులో దూది పట్టీ ఉంటే నోటితోనే ఊపిరి తీయాలి. ఇది ముందే తెలిసిన రోగి కంగారుపడడు. తెలియని రోగి ఊపిరాడటం లేదని పట్టీ పీకబోతాడు, రక్తం కారుతుంది.

హైదరాబాద్‌లో తేల్చబోయిన తగువు

మత్తులో మనిషి ఎందుకు చనిపోతాడు? ఈ ప్రశ్న మీద ఒకప్పుడు ప్రపంచ వైద్యలోకమంతా హైదరాబాద్ వైపు చూసింది.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ ఈథర్‌తో రోగిని నిద్రపుచ్చి చూపారు. మరుసటి ఏడాది నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను తెచ్చారు. 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. అప్పటినుంచి తగువు మొదలైంది. క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా? లండన్ డాక్టర్లు నాడి పట్టుకు కూర్చోవాలన్నారు. ఎడిన్‌బరోలో సర్జన్ సైమ్ బాటలో నడిచేవారు ఊపిరి ఒక్కటి చూస్తే చాలన్నారు.

సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. మెడికల్ స్కూలు బాధ్యతా ఆయనదే. గురువు మాటే నిజమని నిరూపించాలని 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ వేయించారు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి అన్నారు. 1889లో ప్రసిద్ధ వైద్యుడు లాడర్ బ్రంటన్ సముద్రం దాటి వచ్చారు. గుండెకే ముప్పని నమ్మి వచ్చిన ఆయన, నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాక లారీతో ఏకీభవించారు. క్లోరోఫాం ముందు ఆపేది ఊపిరినే, గుండెను నేరుగా ఆపదని రెండో కమిషన్ తేల్చింది. 1890లో నివేదిక లాన్సెట్‌లో అచ్చయింది.

ఆ తీర్పు నిలవలేదు. 1911లో ఇంగ్లండ్‌లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలు అసలు గుట్టు విప్పాయి. క్లోరోఫాం పల్చగా ఇచ్చిన స్థితిలో శరీరంలోకి అడ్రినలిన్ చేరితే గుండె లయ తప్పి, వణికి, అకస్మాత్తుగా ఆగిపోతుంది. భయపడిన మనిషి ఒంట్లో అడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది. కాలిగోరు వంటి చిన్న పనికి, పల్చటి మత్తులో, బెదిరిన పిల్లలు ఎందుకు చనిపోయారో దీంతో అర్థమైంది.

సైనస్ ఆపరేషన్‌కు ఈ కథతో నేరుగా సంబంధం ఉంది. ముక్కులో రక్తం ఆపడానికి మనం పెట్టేది ఆ అడ్రినలిన్‌నే. క్లోరోఫాం కాలంలో ఆ రెండూ కలిస్తే ప్రాణాంతకం. 1956లో వచ్చిన మత్తు ఆవిరి హాలోథేన్‌కూ కొంతవరకు ఆ గుణం ఉంది. ఇప్పుడు వాడే సెవోఫ్లూరేన్, ప్రొపోఫాల్‌లతో ఆ ముప్పు బాగా తగ్గింది. అందువల్లే పూర్తి మత్తులో ఉన్న రోగి ముక్కులో అడ్రినలిన్ పట్టీలు పెట్టగలుగుతున్నారు. అప్పుడు కూడా మోతాదు ఎంతో సర్జన్ చెప్పాలి, మత్తు డాక్టరు గుండె లయ చూస్తూ ఉండాలి.

హైదరాబాద్ కమిషన్ జవాబు తప్పినా ఒక మంచి అలవాటును బలపరిచింది. మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీద నుంచి చూపు తిప్పకూడదన్నది ఆ అలవాటు. లండన్ వాళ్లు చెప్పిన నాడి, హైదరాబాద్ చెప్పిన ఊపిరి రెండూ చూడాలని కాలం తేల్చింది. ఇవాళ వేలికి పెట్టే క్లిప్ రక్తంలో ఆక్సిజన్‌ను, నాడిని ఒకేసారి చూపిస్తుంది. దాని సూత్రం 1970లలో జపాన్‌లో తకువో అవోయాగి కనిపెట్టారు. ట్యూబులోంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మరో తెర ప్రతి శ్వాసకూ గీతగా గీస్తుంది.

లారీ కమిషన్ల కాలంలోనే కోఠి పరిసరాల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ చదువుకున్నారు. 1885లో లారీ మెడికల్ స్కూల్లో చేరిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. 1889లో చదువు పూర్తిచేసి, దాదాపు మూడు దశాబ్దాలు హైదరాబాద్ ఆసుపత్రుల్లో రోగులకు క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలో మత్తు వైద్యమే వృత్తిగా చేసుకున్న మొదటితరం మహిళల్లో ఆమెను లెక్కిస్తారు. తెలుగునేల మీద మత్తు డాక్టరు అనే వృత్తికి అంత పాత, అంత గౌరవమైన చరిత్ర ఉంది.

ఎవరికి ఏది

చిన్న కండ ఒకటి తీయడం, ముక్కు దూలం కొద్దిగా సరిచేయడం, బుగ్గ సైనస్ ద్వారం ఒకటి తెరవడం, ఇలాంటి పనులు మాట వినే, ధైర్యం గల పెద్దవాళ్లలో స్థానిక మత్తుతో బాగా జరుగుతాయి. మన ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా జరుగుతున్నాయి కూడా. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇది ఒక్కోసారి మేలైన దారి.

రెండువైపులా అన్ని గదుల్లో కండ నిండిపోతే, నుదుటి గదికో వెనుక గదికో వెళ్లాల్సివస్తే, రెండోసారి ఆపరేషన్ అయితే, పిల్లలైతే పూర్తి మత్తే సరైనది. నీరు చిమ్ముతూ కండను కోసి పీల్చే యంత్రం వాడినప్పుడు గొంతులోకి నీళ్లు, రక్తం కారుతూనే ఉంటాయి. అక్కడ ట్యూబు లేకుండా పనిచేయడం కష్టం.

దీనికి పెద్ద ఉదాహరణ 2021 మే నెలలో మన కళ్లముందే వచ్చింది. కోవిడ్ రెండో కెరటం వెంట బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. తెలంగాణ ప్రభుత్వం కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి ప్రధాన కేంద్రం చేసింది. సైనస్‌లలో పుట్టిన ఫంగస్ ఎముకను తింటూ కంటివైపు, మెదడువైపు పాకే జబ్బు అది. చచ్చిపోయిన కణజాలాన్ని మొత్తం గీకి తీయాలి, ఒక్కోసారి మళ్లీ మళ్లీ తీయాలి. అంత పని మెలకువలో ఉన్న మనిషికి చేయలేరు. చాలామందికి షుగరు అదుపు తప్పి ఉంది, ఊపిరితిత్తులు కోవిడ్ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. అలాంటివాళ్లను నిద్రపుచ్చి లేపడం ఎంత కత్తిమీద సామో ఆ రోజుల్లో పనిచేసిన మత్తు డాక్టర్లకు తెలుసు.

రెంటికీ నడుమ ఇంకో దారి ఉంది. స్థానిక మత్తు ఇచ్చి, రక్తనాళంలో కాస్త మగతమందు ఇస్తారు. ఆందోళన తగ్గుతుంది, చాలామందికి హాయిగా ఉంటుంది. అయితే మగత ఎక్కువైతే గుటక, దగ్గు మందగిస్తాయి, గొంతులో రక్తం ఉంది, కాపలాకు ట్యూబు లేదు. పైకి తేలికగా కనిపించే ఈ దారిలో మత్తు డాక్టరు మరింత మెలకువగా ఉండాలి. కాస్త మగతమందే కదా అని మత్తు డాక్టరు లేకుండా కానిచ్చే చోటికి వెళ్లకండి.

ఆపరేషన్‌కు ముందు చెప్పాల్సినవి, అడగాల్సినవి

మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఉబ్బసం ఉండి, ముక్కులో కండ ఉండి, నొప్పి మాత్ర వేసుకుంటే ఆయాసం వచ్చేవాళ్లు కొందరుంటారు. ఆస్పిరిన్ రకం మందు వాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. రక్తం పల్చబరిచే మాత్రలు, బీపీ, షుగరు మందులు, నాటు మందులు అన్నీ చెప్పాలి. ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో వాళ్లే నిర్ణయిస్తారు, సొంతంగా ఆపకండి. ఇంట్లో ఎవరికైనా మత్తులో ప్రమాదం జరిగి ఉంటే అదీ చెప్పాలి.

గుట్కా, జర్దా నమిలే అలవాటు ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఏళ్ల తరబడి నమిలితే బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే గాలిగొట్టంలోకి ట్యూబు వేయడం కష్టమవుతుంది. అది ముందు తెలిస్తే మత్తు డాక్టరు వేరే పరికరాలు సిద్ధం చేసుకుంటారు. నిద్రపుచ్చాక తెలిస్తే నిమిషాలతో పోరాటం. ఊగే పళ్లు, కట్టుడు పళ్ల సంగతీ అంతే.

కడుపు ఖాళీగా ఉంచండి. తిండికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు సాధారణ నియమం. పాలు కలిపిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు, తిండి లెక్కలోకే వస్తుంది. పొద్దున్నే ఒక్క కప్పు చాయే కదా అని తాగొస్తే, నిద్రలో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే ఆపరేషన్ వాయిదా వేస్తారు. స్థానిక మత్తే అన్నా ఈ నియమం పాటించండి, మధ్యలో పూర్తి మత్తుకు మారాల్సి రావచ్చు.

తర్వాత మీరు అడగండి. నాకు ఎన్ని గదులు తెరుస్తారు? ఎంతసేపు పడుతుంది? ఈ మత్తే ఎందుకు ఎంచుకున్నారు? ఆపరేషన్ అయ్యేదాకా మత్తు డాక్టరు నా తల దగ్గర ఉంటారా? ఆక్సిజన్, గుండె లయ చూపే తెరలు ఉన్నాయా? స్థానిక మత్తు మధ్యలో చాలకపోతే ఏం చేస్తారు? ఇంటికి వెళ్లాక రక్తం కారినా, జ్వరం వచ్చినా ఎవరికి ఫోన్ చేయాలి? ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడం డాక్టర్ల బాధ్యత, అడగడం మీ హక్కు.

ఈ రెండు రకాల మత్తుల్లో ఏదీ పుట్టుకతో మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఆపరేషన్ చిన్నదై, ముక్కు సహకరించి, మనసు సిద్ధంగా ఉంటే అక్కడికే మత్తు చాలు. పని పెద్దదైతే మొత్తానికి మత్తు ఇవ్వడమే క్షేమం. ఏది ఎంచుకున్నా ఊపిరిని, నాడిని విడవకుండా చూసే అర్హతగల మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి లేని ఆపరేషన్ బల్ల ఎంత దగ్గరున్నా, ఎంత చౌకైనా ఎక్కకండి. ఆ మనిషి ఉన్నచోట ధైర్యంగా ఎక్కండి.